గోరంత చర్మంలో తిమింగలం వంశం

2016 సెప్టెంబరులో అమెరికా జాతీయ సముద్ర మత్స్య సంస్థ ఒకే జాతి జంతువు గురించి ఒకేసారి మూడు రకాల తీర్పు చెప్పింది. హంప్‌బ్యాక్ తిమింగలం 1970 నుంచి ఆ దేశపు అంతరించిపోతున్న జీవుల జాబితాలో ఉంది, ప్రపంచంలో ఏ మూలన ఈదుతున్నదైనా సరే. కొత్త నిర్ణయంలో ఆ జాతిని 14 సమూహాలుగా విడదీశారు. తొమ్మిది సమూహాలకు ఇక చట్టపు రక్షణ అక్కర్లేదన్నారు. ఒకదాన్ని ముప్పులో ఉన్నదిగా పెట్టారు. మిగిలిన నాలుగూ అంతరించిపోయే ప్రమాదంలోనే ఉన్నాయన్నారు. ఆ నాలుగింట్లో ఒకటి అరేబియా సముద్రంలోది. గోవా, కేరళ తీరాలకు ఎదుటి నీళ్లు దాని తిరుగుడు పరిధిలోవే.

చూడ్డానికి ఒకేలా ఉండే జంతువుల్ని 14 భాగాలుగా విడదీయడానికి ఆధారం ఏమిటి? సముద్రంలో కొండలు, కనుమలు, నదులు అడ్డుపడవు. హంప్‌బ్యాక్ ఏటా వేల కిలోమీటర్లు ఈదుతుంది. వేసవిలో ధ్రువాల వైపు చల్లని నీళ్లలో మేత, చలికాలంలో ఉష్ణమండలపు వెచ్చని నీళ్లలో జతకట్టడం, కాన్పు. ఇంత తిరిగే జంతువు ఎక్కడి దానితోనైనా జతకట్టొచ్చు. తరాలు గడిచేకొద్దీ రక్తమంతా కలిసిపోయి ఉండాలి. అలా కలవలేదని చెప్పింది జన్యుశాస్త్రమే.

సమూహం అంటే శాస్త్రవేత్తల దృష్టిలో పక్కపక్కన ఈదే గుంపు కానక్కర్లేదు. ఎక్కువగా తమలో తామే జతకట్టి, బయటివాటితో అరుదుగా కలిసే జంతువులన్నీ ఒక సమూహం. దీని వెనక చాలా ఆచరణాత్మకమైన ప్రశ్న ఉంది. ఒకచోటి తిమింగలాలు పూర్తిగా పోతే పక్క సముద్రం నుంచి వేరేవి వచ్చి ఆ చోటు నింపుతాయా? నింపవని తేలితే, ప్రపంచం మొత్తం మీద ఆ జాతి లెక్క ఎంత పెద్దదైనా ఆ తీరానికి ఒరిగేదేమీ లేదు.

వెనకటి రోజుల్లో ఈ ప్రశ్నకు జవాబు వెతికిన తీరు కాస్త కఠోరమైనది. 1930లలో బ్రిటిష్ పరిశోధకులు నంబరు చెక్కిన ఉక్కు గొట్టాలను తుపాకీతో తిమింగలాల ఒంట్లోకి కాల్చేవారు. ఆ తిమింగలాన్ని ఎవరైనా వేటాడి, ఓడ మీద కోసి, కొవ్వు కాచేటప్పుడే ఆ గొట్టం బయటపడేది. తిమింగలం బతికి ఉన్నంతకాలం దాని ప్రయాణం ఎవరికీ తెలియదు. 1970లలో ఫోటోల పద్ధతి వచ్చింది. హంప్‌బ్యాక్ తోక అడుగున ఉండే నలుపు తెలుపు మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు కాబట్టి, మునిగేముందు తోక ఎత్తినప్పుడు తీసిన ఫోటో దాన్ని పట్టిస్తుంది. ఒకే జంతువు రెండు చోట్ల కనిపించిందని ఫోటో రుజువు చేయగలదు. దాని తల్లి ఎవరో, ఆ వంశం ఎన్ని వేల ఏళ్లుగా ఆ నీళ్లలో ఉందో మాత్రం చెప్పలేదు.

చర్మం చెబుతుంది. చిన్న పడవలో తిమింగలానికి కొంత దూరం దాకా వెళ్లి విల్లుతుపాకీతోనో, దానికోసమే తయారైన గాలి తుపాకీతోనో తేలికపాటి బాణం వేస్తారు. బాణం కొనలో బోలుగా ఉండే చిన్న లోహపు గొట్టం ఉంటుంది. అది ఒంటికి తగిలి, గోరంత చర్మాన్నీ కొద్దిపాటి కొవ్వునూ తీసుకుని వెనక్కి ఎగిరి నీళ్లలో తేలుతుంది. ఆ ముక్కను ఆల్కహాల్‌లో వేస్తే నెలల తరబడి చెడదు. బాణం వేయకుండా కూడా కొన్నిసార్లు పని జరుగుతుంది. హంప్‌బ్యాక్‌లు, స్పెర్మ్ తిమింగలాలు చర్మపు పొరలు రాలుస్తాయి. అవి ఎగిరి పడ్డచోట నీటిమీద తేలే పొరల్ని చిన్న వలతో ఏరుకుంటే చాలు.

ఆ ముక్కలో చదవాల్సినవి ప్రధానంగా రెండు. మొదటిది మైటోకాండ్రియా డీఎన్ఏ. కణంలో శక్తిని తయారుచేసే ఈ భాగాలకు సొంత డీఎన్ఏ ఉంటుంది, తిమింగలంలో దాని పొడవు సుమారు 16,400 అక్షరాలు. ఇది తల్లి నుంచే బిడ్డకు వస్తుంది. తండ్రి వాటా ఏమీ ఉండదు. మన ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వచ్చినట్టు, ఇది తల్లి వైపు నుంచి వచ్చే ఇంటిపేరు. అందులో కంట్రోల్ రీజియన్ అనే చిన్న భాగం త్వరగా మారుతూ ఉంటుంది కాబట్టి పరిశోధకులు ముందు దాన్నే చదువుతారు. రెండోది కణ కేంద్రకంలోని డీఎన్ఏ. ఇందులో తల్లిదండ్రులిద్దరి వాటా ఉంటుంది. రెండు మూడు అక్షరాలు పదేపదే తిరిగి వచ్చే చోట్లు ఇందులో చాలా ఉన్నాయి, వాటిని మైక్రోశాటిలైట్లు అంటారు. అలాంటి పది చోట్ల ఆ అక్షరాలు ఎన్నిసార్లు పునరావృతం అయ్యాయో లెక్కపెడితే ఆ తిమింగలాన్ని ప్రపంచంలో మరోదానితో పొరబడే అవకాశం దాదాపు ఉండదు. అది ఆడో మగో కూడా అదే ముక్కలోంచి తెలుస్తుంది.

ఈ రెండు చదువులూ వేర్వేరు జవాబులు ఇచ్చినప్పుడే అసలు విషయం బయటపడుతుంది. 1990లో స్కాట్ బేకర్, ఆయన సహచరులు నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. అలాస్కాలో మేసి హవాయికి వెళ్లే హంప్‌బ్యాక్‌ల మైటోకాండ్రియా రకాలు, కాలిఫోర్నియాలో మేసి మెక్సికోకు వెళ్లేవాటి రకాలకు స్పష్టంగా వేరని తేలింది. దాన్ని పెద్ద ఎత్తున పరీక్షించే అవకాశం 2004 నుంచి 2006 దాకా వచ్చింది. ఉత్తర పసిఫిక్ చుట్టూ ఉన్న దేశాల పరిశోధకులు వందలమంది కలిసి, మేత తావులు పదింట్లో, కాన్పు తావులు ఎనిమిదింట్లో రెండు వేలకు పైగా చర్మపు ముక్కలు సేకరించారు. మొత్తం మహాసముద్రంలో దొరికిన మైటోకాండ్రియా రకాలు 28. ఏ రకం ఎక్కడ ఎంత ఉందో చూస్తే తావుకీ తావుకీ మధ్య పెద్ద తేడా. కేంద్రక డీఎన్ఏలో మాత్రం తేడా చాలా స్వల్పం.

దీనికి అర్థం తల్లి దగ్గర ఉంది. హంప్‌బ్యాక్ పిల్ల దాదాపు ఏడాది తల్లి వెంటే ఉంటుంది. కాన్పు తావు నుంచి మేత తావుకు మొదటి ప్రయాణం తల్లి పక్కనే చేస్తుంది. ఆ దారి జీవితాంతం గుర్తుంటుంది, ఆడపిల్ల పెద్దదై తన పిల్లను కూడా అటే తీసుకెళ్తుంది. అందుకే ఒక్కో మేత తావులో ఒకే తల్లుల సంతతి తరతరాలుగా పోగుపడుతుంది. వేర్వేరు మేత తావుల నుంచి వచ్చినవి శీతాకాలంలో ఒకేచోట కలుస్తాయి, మగవాటి ద్వారా కేంద్రక జన్యువులు అటూ ఇటూ చేరుతూ ఉంటాయి. సముద్రంలో కనిపించని ఈ గీతలు గీసింది నీటి ఉష్ణోగ్రత, ప్రవాహాలు మాత్రమే కాదు, తల్లి నేర్పిన దారి కూడా. జన్యువుల్లో దొరికిన ఈ సంగతి నిజానికి నేర్చుకోవడం గురించినది. ఈ రంగంలో ఇంతకన్నా అందమైన ఫలితం మరొకటి లేదేమో.

దీని ప్రభావం నేరుగా జాలర్ల మీదా, ఓడల మీదా పడుతుంది. కాలిఫోర్నియా తీరంలో మేసే హంప్‌బ్యాక్‌లలో కొన్ని మధ్య అమెరికా తీరంలో పుట్టినవి, కొన్ని మెక్సికోలో పుట్టినవి. మొదటివి అంతరించే ప్రమాదంలో ఉన్నాయి, రెండోవి ముప్పులో ఉన్నాయి. పక్కపక్కనే నోరు తెరిచి చేపలు మింగుతున్న రెండు తిమింగలాల్లో పీతల బుట్టల తాళ్లకు చిక్కి చనిపోయింది ఏది అన్నదాన్ని బట్టి నష్టం మారిపోతుంది. పైనుంచి చూస్తే ఆ తేడా తెలియదు.

లెక్కపెట్టడానికి కూడా చర్మం పనికొస్తుందని 1997లో పెర్ పాల్స్‌బోల్ బృందం చూపించింది. ఉత్తర అట్లాంటిక్‌లో సేకరించిన 3,060 ముక్కల్ని ఆరు మైక్రోశాటిలైట్ల సాయంతో పోలిస్తే, అవి 2,368 వేర్వేరు తిమింగలాలవని తేలింది. మిగతావి అప్పటికే ఒకసారి దొరికినవాటి ముక్కలే. ఎన్ని రెండోసారి దొరికాయన్న నిష్పత్తి నుంచి వెస్టిండీస్ కాన్పు తావుకు వచ్చే సంఖ్య అంచనా కట్టారు. మగవి 4,894, ఆడవి 2,804. పుట్టుకలో ఆడ మగ దాదాపు సమానమే కాబట్టి, ఆ తేడా ప్రవర్తనలోంచి వచ్చి ఉండాలి. ఆడవి అన్నీ ఏటా అంత దూరం వెళ్లకపోవచ్చు, వెళ్లినా తక్కువ రోజులే ఉండొచ్చు.

ఇక అరేబియా సముద్రానికి వద్దాం. ప్రపంచంలో మిగతా హంప్‌బ్యాక్‌లన్నీ చేసే పని ఇక్కడివి చేయవు. అవి వలస పోవు. ఉత్తరాన ఆసియా ఖండం అడ్డంగా ఉంది కాబట్టి ధ్రువం వైపు దారి ఎలాగూ లేదు. దక్షిణానికి అంటార్కిటికా దాకా పోవాల్సిన అవసరం రాకుండా చేసింది నైరుతి రుతుపవనం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒమన్, యెమెన్ తీరాల మీదుగా బలంగా వీచే గాలి పైనీటిని తీరం నుంచి పక్కకు తోస్తుంది. అడుగునుంచి చల్లని, పోషకాలు నిండిన నీరు పైకి వస్తుంది. దానితో నాచు, నాచును తినే క్రిల్, వాటి వెంట కవళ్ల లాంటి చిన్న చేపలు. మన పొలాలకు వాన తెచ్చే గాలే ఆ తిమింగలాలకు మేత కూడా తెస్తుంది.

అవి అక్కడే ఏడాది పొడవునా ఉంటాయన్న ఆధారం మొదట దొరికింది విషాదకరమైన చోట. 1965, 66 సంవత్సరాల్లో సోవియట్ వేట నౌకలు అరేబియా సముద్రంలో 242 హంప్‌బ్యాక్‌లను రహస్యంగా చంపాయి. ఒమన్, పాకిస్తాన్, వాయవ్య భారత తీరాల వరకు వేట సాగింది. తిమింగలాల వేటను నియంత్రించే అంతర్జాతీయ సంస్థకు ఇచ్చిన లెక్కల్లో ఇవేవీ లేవు. సోవియట్ యూనియన్ కూలిపోయాక, 1993లో అలెక్సీ యాబ్లొకోవ్ వంటి శాస్త్రవేత్తలు ఆ దొంగ లెక్కల సంగతి బయటపెట్టారు. ఆ నౌకల్లో పనిచేసిన జీవశాస్త్రవేత్త యూరి మిఖలేవ్ 1997లో అరేబియా సముద్రపు వివరాలు ప్రచురించారు. చంపిన తిమింగలాల కడుపుల్లో మేత ఉంది, అంటే అవి అక్కడ తింటున్నాయి. గర్భంలోని పిండాల పొడవు కొలిస్తే, అవి జనవరి ప్రాంతంలో పుట్టబోయే ఉత్తరార్ధగోళపు కాలచక్రానికి సరిపోయాయి. దక్షిణ హిందూ మహాసముద్రపు హంప్‌బ్యాక్‌లు జులై, ఆగస్టు ప్రాంతంలో ఈనుతాయి. రెండిటి మధ్య ఆరు నెలల తేడా.

అయితే ఇవి ఉత్తరాది నుంచే వచ్చాయా? ఉత్తర పసిఫిక్ నుంచి ఎప్పుడో దారి తప్పి వచ్చినవా? దీనికి పిండాలు జవాబు చెప్పలేవు. 2014లో క్రిస్టీనా పొమిలా, హోవర్డ్ రోజెన్‌బామ్, ఒమన్ తీరంలో ఏళ్ల తరబడి పనిచేసిన వారి సహచరులు జవాబు చెప్పారు. 67 చర్మపు ముక్కల్లో మైటోకాండ్రియాను, 11 మైక్రోశాటిలైట్లను చదివి దక్షిణార్ధగోళపు, ఉత్తర పసిఫిక్ హంప్‌బ్యాక్‌లతో పోల్చారు. వీటి పూర్వీకులు దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి వచ్చినవే. అయితే దాదాపు 70,000 ఏళ్లుగా ఇవి అక్కడివాటితో కలవలేదు. కాలచక్రం ఉత్తరాదిది, రక్తం దక్షిణాదిది. వచ్చినవి ఇక్కడి రుతువులకు తమ ఏడాదినంతా తిప్పి అమర్చుకున్నాయన్నమాట.

మడగాస్కర్ దగ్గర పుట్టిన హంప్‌బ్యాక్ తలుచుకుంటే కొన్ని వారాల్లో ఒమన్ చేరగలదు. అయినా ఇన్ని వేల ఏళ్లు ఇవి విడిగా ఉండిపోయాయి. ఆరు నెలల తేడా ఇక్కడ పెద్ద అడ్డు. ఒకవైపు జతకట్టే కాలం వచ్చినప్పుడు మరోవైపు మేత కాలం నడుస్తూ ఉంటుంది. ఒమన్ తోక ఫోటోలను ఆఫ్రికా తూర్పు తీరపు సంకలనాలతో పోల్చినా ఒక్కటీ కలవలేదు.

అదే పరిశోధనలో దిగులు కలిగించే సంగతి కూడా ఉంది. అరేబియా హంప్‌బ్యాక్‌ల జన్యువైవిధ్యం దక్షిణాదివాటికన్నా బాగా తక్కువ. గతంలో ఒకసారి, ఇటీవలి కాలంలో మరోసారి సంఖ్య బాగా పడిపోయిన జాడలు డీఎన్ఏలో ఉన్నాయి. ఫోటోల ఆధారంగా 2011లో ప్రచురించిన అంచనా ప్రకారం ఒమన్ తీరంలో ఉన్నవి సుమారు 82, లెక్కలో పొరపాటుకు చోటిస్తే 60 నుంచి 111 మధ్య. ఈ సంఖ్య పక్కన 242ను పెట్టి చూడాలి. ఆ వేట ఈ సమూహానికి ఎంత దెబ్బో అప్పుడు తెలుస్తుంది. ఎక్కడి నుంచో కొత్తవి వచ్చి ఈ లోటు పూడుస్తాయన్న ఆశకు జన్యువులు చోటివ్వడం లేదు. పొమిలా బృందం ఈ సమూహాన్ని అత్యంత ప్రమాదకర స్థితిలో ఉన్నదిగా ప్రకటించాలని కోరింది కూడా అందుకే.

వలలు, ఓడలు ఇప్పటి ముప్పు. అది ఒమన్ ఒక్కదాని సమస్య కాదని లుబాన్ అనే ఆడ తిమింగలం చూపించింది. అరబ్బీలో లుబాన్ అంటే సాంబ్రాణి. 2017 నవంబరులో ఒమన్‌లోని మసీరా అఖాతంలో దానికి ఉపగ్రహ పరికరం అమర్చారు. అప్పటిదాకా పరికరం పెట్టినవేవీ అరేబియా తీరం వదిలిపోలేదు. లుబాన్ మాత్రం సముద్రం దాటి గోవా వైపుకు వచ్చి, మన పడమటి తీరం వెంట దక్షిణ కొస దాకా దిగి, మళ్లీ ఒమన్‌కు వెళ్లిపోయింది. గుజరాత్ నుంచి కన్యాకుమారి దాకా వలలు వేసేవారికీ, పడమటి తీరపు రేవులకు వచ్చే ఓడలకూ దీనితో సంబంధం ఉంది.

మరి తూర్పు తీరం? బంగాళాఖాతం కూడా ఈ కథలో ఉంది, అదీ చాలా ముందునుంచి. 1871లో బర్మాలోని మార్తాబాన్ సింధుశాఖ ఒడ్డున ఒక తిమింగలం కొట్టుకొచ్చింది. కలకత్తా ఇండియన్ మ్యూజియంకు చెందిన జాన్ ఆండర్సన్ దాని ఎముకల్ని పరిశీలించి, 1879లో కొత్త జాతిగా వర్ణించి ఎడెనీ అని పేరు పెట్టారు. ఇప్పుడు బ్రైడ్స్ తిమింగలం అని పిలిచే కూటమిలో అది భాగం. ఆ కూటమిలో ఎన్ని రకాలున్నాయన్నది వందేళ్లకు పైగా తెగని తగువు. 2013లో ఫ్రాన్సిన్ కెర్షా బృందం బంగ్లాదేశ్, ఒమన్, మాల్దీవుల నమూనాలతో చేసిన పరిశోధన కొంత స్పష్టత ఇచ్చింది. తీరం దగ్గర లోతు తక్కువ నీళ్లలో తిరిగే చిన్న రకం ఒకటి, నడిసముద్రంలో తిరిగే పెద్ద రకం మరొకటి. బంగ్లాదేశ్ తీరంలోవి మొదటి రకం, అంటే ఆండర్సన్ వర్ణించిన ఎడెనీ.

ఇదే కూటమిలోంచి 2021లో ఒక కొత్త జాతి తేలింది. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలోని తిమింగలాల డీఎన్ఏ మిగతా బ్రైడ్స్‌కు చాలా దూరంగా ఉందని ప్యాట్రిషియా రోజెల్, లిన్సీ విల్‌కాక్స్ 2014లోనే చూపించారు. 2019లో ఫ్లోరిడా ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరం పుర్రె దొరికాక దానికి రైస్ తిమింగలం అని కొత్త పేరు స్థిరపడింది. పేరు పెట్టేనాటికి మిగిలినవి వందకన్నా తక్కువ.

చర్మం ఒక్కటే కాదు, మాంసం కూడా సాక్ష్యం చెబుతుంది. 1993లో బేకర్, స్టీఫెన్ పాలుంబి జపాన్ మార్కెట్లలో అమ్మే తిమింగలం మాంసం ఏ జాతిదో తేల్చాలనుకున్నారు. ఆ ముక్కల్ని దేశం దాటించడం అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం కుదరదు. అందుకని చిన్న పీసీఆర్ యంత్రాన్ని టోక్యో హోటల్ గదిలోనే పెట్టుకుని డీఎన్ఏకు నకళ్లు తీశారు. ప్రయోగశాలకు తీసుకెళ్లింది ఆ కృత్రిమ నకళ్లనే. అమ్మకానికి అనుమతి ఉన్న మింకీ తిమింగలం మాంసంతోపాటు రక్షిత జాతులైన ఫిన్, హంప్‌బ్యాక్ మాంసం కూడా అక్కడ దొరికింది. తర్వాత దక్షిణ కొరియాలో 1999 నుంచి 2003 దాకా కొన్న మాంసం ముక్కల్లో ఒక్కో జంతువును విడివిడిగా గుర్తించి లెక్క కట్టారు. మార్కెట్‌కు వచ్చిన మింకీలు సుమారు 827 అని అంచనా తేలింది. వలల్లో పొరపాటున పడినట్టు ప్రభుత్వానికి చెప్పినవి 458.

జన్యువుల మాటే తుది తీర్పు అనుకోకూడదు. 2003లో జో రోమన్, పాలుంబి జన్యువైవిధ్యాన్ని బట్టి వేటకు ముందు ఉత్తర అట్లాంటిక్‌లో 2,40,000 హంప్‌బ్యాక్‌లు ఉండేవని అంచనా వేశారు. వేట పుస్తకాల లెక్కకు ఇది ఎన్నో రెట్లు. 2013లో మరిన్ని జన్యువులు చదివినప్పుడు ఆ సంఖ్య 1,12,000కు దిగింది, అదీ పెద్ద అనిశ్చితితో. రష్యాలోని సఖాలిన్ దగ్గర మేసే గ్రే తిమింగలాలది మరో పాఠం. వాటి మైటోకాండ్రియా అమెరికా వైపు వాటికి భిన్నంగా ఉండడంతో పడమటి సమూహంగా లెక్కించారు. తర్వాత వార్వరా అనే సఖాలిన్ తిమింగలం మెక్సికో దాకా వెళ్లి తిరిగి వచ్చింది, మొత్తం 22,500 కిలోమీటర్ల ప్రయాణం. జన్యువులు గతం చెబుతాయి, ఈ ఏటి ప్రయాణం ఉపగ్రహమే చెప్పాలి. రెండూ కావాలి.

పద్ధతులు ఇంకా మారుతున్నాయి. తిమింగలం శ్వాస వదిలినప్పుడు పైకి చిమ్మే తుంపర్లలోంచి డీఎన్ఏ పడుతున్నారు. 2018లో బేకర్ బృందం అమెరికాలోని ప్యూజెట్ సౌండ్‌లో ఓర్కాలు ఈది వెళ్లిన నీటిని సీసాల్లో పట్టి చూస్తే, అవి వెళ్లిన రెండు గంటల తర్వాత కూడా ఆ నీటిలో వాటి డీఎన్ఏ దొరికింది.

మన దగ్గర సముద్రంలోకి వెళ్లి బాణం వేసే పరిశోధన ఖరీదైనదే కావొచ్చు. ఒడ్డుకు వచ్చేవాటికి ఆ ఖర్చు లేదు. 2023 జులైలో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి సుమారు 25 అడుగుల తిమింగలం కొట్టుకొచ్చింది. నీలి తిమింగలమని వార్తలు వచ్చాయి, జనం చూడ్డానికి ఎగబడ్డారు. ఆ పొడవు నీలి తిమింగలం పిల్లకూ సరిపోతుంది, ఇంకా ఎదగని బ్రైడ్స్‌కూ సరిపోతుంది. నీలిదే అయినా ఏ సమూహానిదన్న ప్రశ్న మిగులుతుంది. శ్రీలంక చుట్టూ తిరిగే నీలి తిమింగలాల పాట, అంటార్కిటికా వాటి పాట వేర్వేరు. బ్రైడ్స్ అయితే తీరపు రకమా, నడిసముద్రపు రకమా? కళేబరం కుళ్లి ఉబ్బాక కంటితో ఈ తేడాలు పట్టడం నిపుణులకైనా కష్టం. డీఎన్ఏకు అది పెద్ద పని కాదు.

ఆ పని చేయగల ప్రయోగశాల హైదరాబాద్‌లోనే ఉంది. కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ)కి చెందిన వన్యప్రాణి ప్రయోగశాల లాకోన్స్‌లో సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ రూపొందించి 2003లో ప్రచురించిన పద్ధతి, ఏ వన్యప్రాణి మాంసం, తోలు ముక్కనైనా మైటోకాండ్రియాలోని ఒక చిన్న భాగం ద్వారా గుర్తించడానికి ఉద్దేశించినది. వన్యప్రాణి నేరాల కేసుల్లో దాన్ని ఏళ్లుగా వాడుతున్నారు. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మన తీరాల డాల్ఫిన్లను, ఇతర సముద్ర క్షీరదాలను డీఎన్ఏతో గుర్తించిన పరిశోధనలు కూడా ఉన్నాయి.

తిమింగలాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి కాబట్టి ఒడ్డున పడినదాన్ని ఎవరుబడితే వారు కోయకూడదు. అటవీ శాఖకు కబురు చేయాలి. సిబ్బంది వచ్చి గొయ్యి తవ్వించి పూడ్చేముందు చేయాల్సిన పని కాసేపటిది. కుళ్లు తక్కువగా ఉన్న చోట శుభ్రమైన కత్తితో గోరంత చర్మం తీయాలి, గాఢమైన ఆల్కహాల్ ఉన్న చిన్న సీసాలో వేయాలి, సీసా మీద తేదీ, ఊరు, పొడవు, ఆడో మగో రాయాలి, ఫోటోలు జతచేసి ప్రయోగశాలకు పంపాలి. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా తీరంలోని ప్రతి అటవీ రేంజి కార్యాలయం అలమారాలో అలాంటి సీసాలు నాలుగైదు సిద్ధంగా ఉంటే, బంగాళాఖాతపు తిమింగలాల వంశావళి రాయడం అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.